గడ్డి కోయుచుండిన ముగ్గురు

మఱ్ఱిమాను కూలినపుడు ఆ చప్పుడు ఊరంతయు వినును. దాని క్రింద నలిగిన గడ్డిపోచలను వంగి చూచువారు అరుదు. లోకమునందు చరిత్రరచన చాలకాలము ఈ తీరుననే సాగినది. యుద్ధమున గెలిచిన రాజు పేరు శాసనమునకెక్కెను. ఆ యుద్ధమునకు ధాన్యము మోసిన బండివాని పేరు ఎక్కలేదు. కోట కట్టించిన దొర పేరు పద్యమున నిలిచెను. రాతిక్రింద చేయి పోగొట్టుకొన్న వడ్డెవాని పేరు నిలువలేదు. మన కాలము ప్రజల కాలమనియు, ఇప్పుడు ప్రతి ప్రాణమునకును లెక్క యున్నదనియు మనము చెప్పుకొనుచున్నాము. ఈ మాట ఎంతవరకు నిజమో పరీక్షించుటకు రాజుల చరిత్ర అక్కరలేదు. మన తలలమీదుగా పోవు విమానముల చరిత్రయే చాలును. అందును విమానము నేల విడుచు ఆ ఒక్క నిమిషమున జరిగిన ప్రమాదముల కథను నేడు చదువరుల ముందుంచ దలచితిమి.

"విమానముల గొడవ మనకేల? అది ఎక్కువారికిని నడుపువారికిని సంబంధించినది కదా" యని కొందరు అనవచ్చును. ఒక్కసారి మన గుమ్మముల వంక చూతము. హైదరాబాదునకు పడమటనున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ఒకనాడు రాతిగుట్టల నడుమనుండిన పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ భవనము తెరువబడినది మొదలు ఆ ప్రాంతము హైటెక్ సిటీ యనియు సైబరాబాదనియు ప్రసిద్ధికెక్కి, దేశదేశముల సంస్థలకు కార్యస్థానమైనది. అచ్చటి అపార్టుమెంటులో నివసించు గృహస్థు రాత్రి భోజనానంతరము సెల్‌ఫోనులో ఒక వస్తువును కోరును. ఒకటి రెండు దినములలో అది అట్టపెట్టెలో గుమ్మము చేరును. అది ఏ ఊరినుండి వచ్చెనో, ఏ త్రోవను వచ్చెనో అతడడుగడు. అమెజాన్ సంస్థ 2023 జనవరిలో మన దేశమున సరకు విమానముల రాకపోకలను ప్రారంభించినది హైదరాబాదుననే. 2021లో కరోనా వ్యాధి ప్రబలియున్నపుడు, జూన్ 1వ తేదీన, రష్యానుండి 50 టన్నులకు పైబడిన టీకామందు ఒక్క సరకు విమానముననే శంషాబాదు చేరెను. కాబట్టి సరకు విమానము ఎక్కడనో ఎగురు వింతపక్షి కాదు; మన ఇంటికి సామాను తెచ్చు బండివంటిదే. మన కోరికయే దానిని లేపుచున్నది. అది లేచునపుడు ఎవరికేమగునో తెలిసికొనుట మన ధర్మము.

విమానమునకు గడ్డు ఘడియ ఏది? మేఘముల నడుమ, అంతెత్తున నున్నపుడని పలువురు తలతురు. నిజమునకు నేల విడుచు సమయమును, నేల చేరు సమయమును ఎక్కువ అపాయకరములు. పల్లెలో బావినుండి నీరు తెచ్చు ఇల్లాలిని చూడుడు. నిండుబిందె తలకెక్కిన పిదప ఆమె చేతులు వదలియు నడచిపోగలదు. దానిని నేలనుండి తలకెత్తుకొను ఆ క్షణమే కష్టము. విమానము సంగతియు అంతియే. లేచునపుడు అది తన ప్రయాణమంతటిలో మిక్కిలి బరువుగా నుండును. ఇంధనమును నిండుగనే యున్నది, సరకును నిండుగనే యున్నది. వేగమో ఇంకను చాలినంత లేదు. నేలకును దానికిని నడుమ తప్పు దిద్దుకొనుటకు తగిన ఎడమును లేదు. రన్‌వేమీద ఒక వేగమును దాటిన పిమ్మట ఆగుటకు చోటు చాలదు, ఎగురుటయే శరణ్యము. ఆ గీతకు ఈవల ఆగవలెనా, ఆవల ఎగురవలెనా యని నిర్ణయించుటకు చోదకునకు దొరకు వ్యవధి రెప్పపాటు మాత్రమే.

సరకు విమానమునకు దీనిపై మరియొక చిక్కు కలదు. మనుష్యులు తమ తమ ఆసనములలో కూర్చుందురు. సరకు తనంతట కూర్చుండదు. దానిని తూచవలెను, సరియైన చోట నుంచవలెను, గట్టిగ కట్టవలెను. 2013 ఏప్రిల్ 29న ఆఫ్ఘనిస్తానమునందలి బగ్రాం విమానాశ్రయమునుండి లేచిన బోయింగ్ 747 సరకు విమానమున సైనికవాహనములుండెను. విమానము పైకి లేచుచుండగా కట్లు వదలి ఒక వాహనము వెనుకకు జారి, తోకవైపు యంత్రభాగములను చెడగొట్టెను. విమానము నిటారుగ లేచి, నిలువలేక కూలెను. లోపలి ఏడుగురును మరణించిరి. త్రాడు సరిగా కట్టని బండి దొర్లినపుడు బండివాడొక్కడే పడును; ఇచ్చట ఆకాశమే దొర్లిపడినట్లయ్యెను.

ఇక మన దేశపు కథకు వత్తము. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో ఉత్తరములను విమానములమీద రాత్రికి రాత్రియే చేర్చు ఏర్పాటొకటి జరిగెను. రఫీ అహమ్మద్ కిద్వాయి గారు కేంద్రమున వార్తాశాఖ మంత్రిగా నుండిన ఆ కాలమున, 1949 జనవరిలో, రాత్రి తపాలా విమానములు ఆరంభమైనవి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు అను నాలుగు నగరములనుండి నాలుగు విమానములు రాత్రివేళ బయలుదేరి, దేశమునకు నడిబొడ్డుననున్న నాగపూరున కలిసికొనును. అచ్చట తపాలా సంచులను మార్చుకొని తెల్లవారులోగా ఎవరి నగరమునకు వారు తిరిగిపోవుదురు. నాలుగు వీథుల మొగను నలుగురు గొల్లలు కావళ్లు దించి కుండలు మార్చుకొన్నట్లుండెడిది. ఈ పనికి వాడినవి డకోటా విమానములు. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులను, సామగ్రిని మోయుటకై వేలకొలదిగా నిర్మింపబడి, యుద్ధానంతరము మిగిలిపోయిన ఆ రెండు ఇంజనుల విమానములే స్వతంత్రభారతమున ఆకాశపు ఎడ్లబండ్లయినవి. మన హైదరాబాదున నిజాము ప్రభుత్వమును టాటా సంస్థయు కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ నడిపినవియు డకోటాలే.

1953 ఆగస్టు 1న దేశములోని విమానసంస్థలు జాతీయములైనవి. దక్కన్ ఎయిర్‌వేస్ మొదలగు ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆయెను. అటుపై రెండు మాసములకు, అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. క్రొత్త ప్రభుత్వమునకు ఢిల్లీతోను, మద్రాసుతోను ఎన్ని వ్యవహారములో, ఎన్ని ఉత్తరములో ఊహింపవచ్చును. నాగపూరునుండి మద్రాసునకు పోవు ఆకాశమార్గము తెలుగుదేశమును నిలువున దాటును. గోదావరికి ఇటునటు నిద్రించు పల్లెలవారు నడిరేయి మేల్కాంచి విను ఆ మ్రోతలో ఎవరెవరి పెండ్లి కబురులో, ఎవరెవరి మరణవార్తలో ఇమిడియుండెడివి.

ఆ సంవత్సరమే డిసెంబరు 12వ తేదీన, తెల్లవారకమునుపే, నాగపూరు సోనేగాఁవ్ విమానాశ్రయమునుండి మద్రాసు దిశగా లేచిన రాత్రి తపాలా డకోటా కొంచెముసేపటికే ఇంజను శక్తి తప్పి నేలగూలెను. తపాలా సంచులతోబాటు ప్రయాణికులును ఆ విమానమున నుండిరి. మొత్తము పదునలుగురిలో పదుమువ్వురు మరణించిరి. బ్రదికినవాడు చోదకుడొక్కడే. జాతీయమైన సంస్థకు ఇంకను ఐదు నెలలు నిండకమునుపే జరిగిన ఈ దుర్ఘటన దేశమును కలచివైచెను. లోపలనున్న వారెవరో తెలియుటకు జాబితా యుండెను. టిక్కెట్టు కొనిన ప్రతివానికిని పేరు కలదు. ఆ పేరునకు వెనుక ఇల్లు కలదు. ఆ ఇంటికి తంతి పోవును. ఇది మనము గుర్తుంచుకొనవలసిన విషయము. విమానములోపల నుండువానికి మరణమునందైనను పేరు దక్కును.

ఇప్పుడు మన నగరమునకు వత్తము. బేగంపేట విమానాశ్రయము నిజాము ఏలుబడిలో 1930వ దశకమున వెలసినది. ఆనాడది ఊరికి వెలుపలి మైదానము. పిదప హైదరాబాదును సికింద్రాబాదును ఒకదానివైపొకటి పెరిగి, నడుమనున్న మైదానమును ఇండ్లును బజారులును చుట్టుకొనినవి. బావి త్రవ్వినవాడు ఊరికి దూరముగనే త్రవ్వెను. ఊరే బావి గట్టునకు వచ్చి కాపురము పెట్టినది. విమానములు పెద్దవైనవి, వేగము పెరిగినది, జనము పెరిగిరి. ఆ మూడింటి నడుమ నిలిచినది మాత్రము ఒక కంచె.

1978 డిసెంబరు 17వ తేదీన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 విమానము బేగంపేటనుండి బయలుదేరెను. ఇది సరకు విమానము కాదు, ప్రయాణికుల విమానము; అయినను నేల విడుచునప్పటి అపాయము రెండింటికిని ఒక్కటే. లోపల 126 మంది ప్రయాణికులును ఆరుగురు సిబ్బందియు, మొత్తము 132 మంది యుండిరి. విమానము రన్‌వేమీద పరుగెత్తి ముక్కు పైకెత్తెను గాని, దేహము పైకి పోలేదు. కారణము రెక్కల ముందంచులలో నున్నది. కొంగ చెరువునుండి లేచునపుడు రెక్కలను విశాలముగ విప్పి, అంచులను వంచి గాలిని అదిమిపట్టుటను మనమెరుగుదుము. ఈ విమానములకును అట్లే రెక్కల ముందంచున ముందుకు విచ్చుకొను పలకలు కలవు. వేగము తక్కువగానున్నపుడు అవి విచ్చుకొన్నగాని రెక్కకు తగినంత ఎత్తుబలము రాదు. నాడు ఆ పలకలు పనిచేయలేదు. చోదకుడు విమానమును చక్రములు లేకయే మరల రన్‌వేమీదికి దించెను. అది పొట్టతో నేలను రాచుకొనుచు జారి, సరిహద్దు కంచెను చీల్చి, మురుగుకాలువను దాటి, ఎగుడుదిగుడు నేలమీద ఆగెను. మంటలు చెలరేగెను.

లోపలి 132 మందిలో 131 మంది బ్రదికిరి. ఇంత బరువుగల విమానము, ఇంత ఇంధనముతో, ఆ వేగమున నేలబడి మండగా ఒక్కరు మాత్రమే చనిపోవుట సామాన్య విషయము కాదు. మన చరిత్రలో అది గొప్పగా చెప్పుకొనదగినదే. కాని ఆ లెక్కకు తరువాత మరియొక పంక్తి యున్నది. విమానమార్గమునకు అడ్డముగ, నేలమీద, గడ్డి కోయుచుండిన ముగ్గురు మరణించిరి.

ప్రమాదముల పట్టికలలో వారినిగూర్చి కనబడునది ఈ ఒక్క వాక్యమే. లోపలనుండి చనిపోయినవారు ఒక్కరు. వెలుపలనుండి చనిపోయినవారు ముగ్గురు. అయినను ఆ ప్రమాదమును "ఒక్కరు మరణించిన ప్రమాద"మని వ్రాయు అలవాటు కలదు; ఏలయనగా విమానప్రమాదపు లెక్కలో మొదటి గడి ఎక్కినవారికి, మిగిలినవారికి ప్రక్కగడి. మేము ఈ కథను మా తరగతిలో ఒకనాడు చెప్పితిమి. ఎత్తుబలమును గూర్చియు, వేగమును గూర్చియు బల్లపై బొమ్మలు గీసి, లెక్కలు వేసి చూపి, సంతృప్తితో సుద్దముక్కను క్రింద పెట్టితిమి. వెనుకబల్లనుండి ఒక బాలుడు లేచి, "సార్, ఆ గడ్డి కోసేటోళ్ల పేర్లేంది?" అని యడిగెను. మా యొద్ద సమాధానము లేదు. ఆ బాలుని తల్లి ఒక పెద్ద కార్యాలయపు ఆవరణలో పచ్చికను కత్తిరించు పని చేయుచున్నదని తరువాత తెలిసినది. నాటినుండి ఈ ప్రమాదమును మేము మునుపటివలె చెప్పలేకపోతిమి.

విజ్ఞానశాస్త్రము విమానప్రమాదములనుండి నేర్చుకొనుటలో చూపిన శ్రద్ధను మెచ్చుకొనక తీరదు. ఒక చోట ఒక మేకు విరిగిన లోకమంతటను ఆ మేకులను పరీక్షింతురు. చెడినది లోహమైనచో దానిని సూక్ష్మదర్శనితో చూతురు. చోదకుల సంభాషణను నల్లపెట్టెనుండి మాటమాటయు వ్రాసికొందురు. అందుచేతనే నేడు విమానయానము ఇంత భద్రమైనది. లోహము చెప్పిన పాఠమును మనము త్వరగా నేర్చితిమి. నేల చెప్పుచున్న పాఠమును మాత్రము మెల్లగ, అరకొరగ నేర్చుచున్నాము. ఇందుకు నిదర్శనములు మన నగరముననే గాక లోకమంతటను కలవు. సరకు విమానముల చరిత్రలో అవి మరింత స్పష్టముగ కనబడును.

1996 జనవరి 8న ఆఫ్రికాఖండమునందలి కిన్షాసా నగరమున, ఊరి నడుమనుండిన ఎన్‌డోలో విమానాశ్రయమునుండి ఒక ఆంటొనోవ్ 32 సరకు విమానము బయలుదేరెను. పరిమితికి మించిన బరువు దానిమీద నుండెను. ముక్కు లేవలేదు. రన్‌వే ముగిసిన చోటనే సింబాజికిటా యను అంగడి. కూరగాయలు, చేపలు, బట్టలు అమ్ము స్త్రీలతోను కొనువారితోను క్రిక్కిరిసినది. నిండు ఇంధనముతో విమానము ఆ జనములోనికి దూసికొనిపోయెను. చనిపోయినవారు రెండువందలకు పైబడియే యున్నారు. కాని ఒకరు 225 అందురు, మరియొకరు 300 దాటినదందురు. విమానమునెక్కిన సరకునకు పత్రమున్నది. అంగడిలోని మనుష్యులకు పత్రము లేదు. చోదకులిద్దరును బ్రదికి న్యాయస్థానమున శిక్ష పొందిరి. మృతుల సంఖ్య మాత్రము నేటికిని ఒక్కటిగ తేలలేదు. దున్నల పోట్లాటలో దూడల కాళ్లు విరిగినట్లను మన సామెత ఇచ్చట చాలదు. విరిగిన కాళ్లను లెక్కించువాడైనను లేకపోయెను.

"అది బీదదేశము, అచ్చట వ్యవస్థ లేదు" అని త్రోసివేయుటకును వీలు లేదు. అంతకు మూడేండ్లకు పూర్వము, 1992 అక్టోబరు 4న, సంపన్నమైన హాలెండు దేశమునందలి ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఎల్ అల్ సంస్థవారి బోయింగ్ 747 సరకు విమానము లేచిన కొలది నిమిషములకే కుడిరెక్కనున్న ఇంజను ఊడి, ప్రక్క ఇంజనును కూడ ఊడగొట్టెను. ఇంజనును రెక్కకు పట్టియుంచు మేకు లోహపు అలసటచే విరుగుటయే దీనికి మూలము. తిరిగి దిగుటకు యత్నించుచు విమానము బైల్మర్‌మేర్ వాడలోని పెద్ద నివాసభవనములపై కూలెను. విమానములో నలుగురును, నేలమీద 39 మందియు మరణించిరి. మొదట మృతులు రెండువందలకు పైగా నుందురని భయపడిరి. ఏలయనగా ఆ ఇండ్లలో పరదేశములనుండి పొట్టకూటికి వచ్చి, కాగితములు లేక కాపురముండినవారు పలువురు. ఏ ఇంట ఎందరున్నారో ప్రభుత్వమునకే తెలియదు. ధనమున్న దేశమునందును పేరు లేనివారున్నారు. అంతస్తు ఏదైనను అడుగంతస్తు ఒక్కటే.

ఇది పాతకథయు కాదు. 2025 నవంబరు 4న అమెరికాలోని లూయివిల్ నగరమున యూపీఎస్ సంస్థవారి ఎండీ-11 సరకు విమానము నేల విడుచుచుండగనే ఎడమ ఇంజను తన ఆధారముతో సహా రెక్కనుండి వేరుపడెను. పట్టుభాగములలో లోహపు అలసటవలని పగుళ్లుండెనని ప్రాథమిక విచారణలో తేలినది. విమానము ఆశ్రయము ప్రక్కనున్న పారిశ్రామిక స్థలములపై పడి, ముగ్గురు సిబ్బందితోబాటు నేలమీద పదిమందికి పైగా మరణించిరి. ఆ యేడే జూన్ 12న మన దేశమున అహమ్మదాబాదునుండి లేచిన ఎయిర్ ఇండియా విమానము వైద్యవిద్యార్థుల వసతిగృహముపై కూలెను. లోపలి 242 మందిలో ఒక్కడు తప్ప అందరును, నేలమీద 19 మందియు చనిపోయిరి. ఆ వసతిగృహమున అన్నము తినుచుండినవారు ఏ విమానమునకును టిక్కెట్టు కొనలేదు.

ఇచ్చట మనలో ఒక పాతకాలపు మాట వినవచ్చును. "ఎవరి ప్రారబ్ధము వారిది, పుట్టినవారికి గిట్టుట తప్పదు, ఆ ముగ్గురికి ఆ దినమున ఆ గడ్డిలో మృత్యువు వ్రాసిపెట్టియుండెను" అని పెద్దలు నిట్టూర్తురు. ఓదార్పునకు ఈ మాట మంచిదే. కాని విచారణకు మంచిది కాదు. మశూచికమును అమ్మవారి కోపమని మన తాతలు నమ్మినన్నినాళ్లు అది మన బిడ్డలను తీసికొనిపోయెను. టీకా వేసినపుడు పోయినది, 1980లో లోకమునుండియే పోయినదని ప్రకటించిరి. గిట్టుట తప్పదనుట నిజము. ఆ గిట్టుట రన్‌వే చివరనే జరుగవలెననుట నిజము కాదు. లోపలివారి విషయమున మనమెవ్వరమును ప్రారబ్ధమని ఊరకుండలేదు. పలకలు ఎందుకు విచ్చుకొనలేదని అడిగితిమి. వెలుపలివారి విషయమున మాత్రమే ప్రారబ్ధము మనకు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఇది వేదాంతము కాదు, పక్షపాతము.

నేల చెప్పు పాఠము కష్టమైనదియు కాదు. రన్‌వే ముగిసినపిదప విమానము జారిపోయినను ఎవరికిని హాని కలుగని ఖాళీస్థలముండవలెనని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ నియమము కలదు. కనీసము 90 మీటర్లు, వీలైనచో 240 మీటర్లని దాని కొలత. ఆ స్థలమున గోడలు లేవరాదు, అంగడి వెలయరాదు. పనివారు పోవలసి వచ్చినపుడు విమానముల రాకపోకల వేళ ఎరిగి పోవలెను. వారికి ఆ వేళ చెప్పుటకు ఒక మనిషి యుండవలెను. ఎవరెవరు ఏ గడియలో ఎచ్చట పనిచేయుచున్నారో ఒక పుస్తకమున పేరుతో వ్రాసియుండవలెను. ఇందులో గొప్ప శాస్త్రమేదియు లేదు. విమానమునెక్కు పెట్టెకు తూకము, చీటి, సంఖ్య యున్నవి. విమానమునకెదురుగ వంగి పనిచేయు మనిషికి ఆ పెట్టెకున్నపాటి గౌరవము కావలెననుటయే ఇందలి సారము.

బేగంపేటనుండి సాధారణ విమానముల రాకపోకలు 2008 మార్చితో ఆగిపోయి, 23వ తేదీనుండి శంషాబాదున క్రొత్త విమానాశ్రయము పనిచేయనారంభించెను. అదియు ఒకనాటి బేగంపేటవలెనే ఊరికి దూరముగ, విశాలమైన బయలులో వెలసినది. కాని నగరమునకు కాళ్లున్నవి. హైటెక్ సిటీనుండి గచ్చిబౌలిమీదుగా బాహ్యవలయ మార్గము పట్టి శంషాబాదునకు పోవువారు ఆ దారికి ఇరువైపుల లేచుచున్న అంతస్తులను చూచియే యుందురు. ఊరు బావి గట్టునకు మరల నడచుచున్నది. ఈ మారైనను గట్టుమీద ఎవరు నిలిచియుందురో ముందుగ ఆలోచించుట మన పౌరధర్మము. స్థలము కొనువారు, ఇల్లు కట్టువారు, ఓటు వేయువారు, చదువు చెప్పువారు, అందరును ఈ ప్రశ్నను అడుగవలసినవారే.

ఇంతియే కాదు, కంచె యన్నది విమానాశ్రయమునకు మాత్రమే కలదని తలపరాదు. సైబరాబాదు అద్దపు మేడలకును కంచెలున్నవి. వాని లోపల మెడలో గుర్తుచీటి వ్రేలాడదీసికొని తిరుగు ఉద్యోగికి పేరు, సంఖ్య, ఛాయాచిత్రము ఉన్నవి. ఆ మేడ కిటికీలను త్రాటికి వ్రేలాడి తుడుచువానికిని, పచ్చికను కత్తిరించు స్త్రీకిని, వానలో ద్విచక్రవాహనముమీద మన పెట్టెను తెచ్చు కుర్రవానికిని మన నోట ఉండు పేరు ఏమి? "క్లీనింగు వాళ్లు", "గార్డెను వాళ్లు", "డెలివరీ అబ్బాయి". గడ్డి కోయుచుండిన ముగ్గురు ఎక్కడనో 1978లో లేరు. వారు ప్రతి ఉదయము మన ద్వారము ముందునుండియే పోవుచున్నారు. ప్రమాదము జరిగినప్పుడు మనము వారిని లెక్కింపమా యనుట, జరుగనప్పుడు వారిని పేరుపెట్టి పిలుతుమా యనుదానినిబట్టి యుండును.

ఆమ్‌స్టర్‌డామున ఆ విమానము కూలినచోట ఒక చెట్టు మంటకు కాలక నిలిచెను. తమవారిని పోగొట్టుకొన్న వాడవారు ఆ చెట్టు క్రింద పువ్వులుంచి, దీపములు వెలిగించి, దానికి "అన్నియు చూచిన చెట్టు" అని పేరిడిరి. ఆ స్థలమే వారికి స్మారకమైనది. కాగితములు లేనివారిని గూర్చి కార్యాలయములు ఎంత మరచినను ఆ చెట్టు మరవనీయలేదు. మన నగరమునకు అట్టి చెట్టు ఎవరు? పాఠశాల కాగలదు, పత్రిక కాగలదు, సాయంకాలము బిడ్డలకు కథ చెప్పు ఇల్లు కాగలదు. బేగంపేట ప్రమాదమును చెప్పునపుడు ఒక్కరు మరణించిరని చెప్పక, నలుగురు మరణించిరని చెప్పుదము. అందులో ముగ్గురు గడ్డి కోయుచుండిరని చెప్పుదము. బిడ్డ "వాళ్ల పేర్లేంది?" అని తప్పక అడుగును. ఆ ప్రశ్నకు తలవంచుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు. మరునాడు ఉదయము మన గుమ్మమున పెట్టె నుంచిపోవు కుర్రవాని పేరడుగుటకు ఆ సిగ్గే మనకు తోవ చూపును.